రాడార్‌కి అడ్డొచ్చిన ఎలుకల మెష్: 22 నెలల తర్వాత

ఎలుకలు ఇంజిన్‌లోకి దూరకుండా కారు ముందు కింది గ్రిల్‌కి అల్యూమినియం మెష్ (జాలీ) వేయించిన ఆరు నెలల వరకూ ఎవరడిగినా ఒకటే జవాబు: కళ్లు మూసుకుని వేయించుకోండి. ఇప్పుడూ వద్దనడం లేదు. కాకపోతే అడాస్ (నడిపేవాళ్లకి సాయపడే రాడార్, కెమెరా ఏర్పాటు) ఉన్న కారైతే, ముందున్న బండిని పసిగట్టే రాడార్ ఎక్కడుందో ముందు కళ్లు తెరిచి వెతుక్కోండి.

చాలా కార్లలో అది నంబర్ ప్లేటు కింద, గ్రిల్ మధ్యలో, చిల్లుల్లేని నల్లటి నున్నటి పలక వెనకాల ఉంటుంది. కొన్నిట్లో కంపెనీ గుర్తు వెనకే. బిగించిన షాపు వాళ్లు దాన్ని ఉత్తి ప్లాస్టిక్ ముక్క అనుకున్నారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా మెష్ పరిచేసి జిప్ టైలతో కట్టేశారు.

ఎండాకాలమంతా ఏ తేడా లేదు. అక్కడే మోసం. వానలు మొదలయ్యాక ఆనందపురం–అనకాపల్లి ఆరు వరసల రోడ్డు మీద 90లో అడాప్టివ్ క్రూజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని తనే సర్దుకునేది) ఉన్నట్టుండి వదిలేసింది. ముందువైపు రాడార్ మూసుకుపోయింది, శుభ్రం చేయమని తెర మీద సందేశం. ఆగి తుడిస్తే పలక మీద మురికే లేదు. ఆరాక సందేశం పోయింది. సర్వీసులో స్కానర్ పెడితే నిలిచిన లోపం ఏదీ లేదన్నారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి పంపేశారు. మళ్లీ చినుకు, మళ్లీ అదే. కుండపోత వానలో ఏ రాడారైనా చేతులెత్తేస్తుంది, అది మామూలే. చినుక్కీ, వాటర్ వాష్‌కీ ఎత్తేస్తోందంటే మాత్రం ముందు ఏదో అడ్డుందన్నట్టే. స్ప్రే బాటిల్‌తో మెష్‌ని మాత్రమే తడిపి రోడ్డెక్కితే దొంగ దొరికిపోయాడు.

కారణం ఇది. రాడార్ పనిచేసేది 77 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగం పొడవు 4 మి.మీ. కన్నా కాస్త తక్కువ. మెష్ కన్ను వెడల్పు 3 మి.మీ. పొడిగా ఉన్నప్పుడు కొంత మేర దూరి వెళ్తుంది, అందుకే సందేశం రాదు. తడిస్తే ప్రతి కన్నుకీ నీటి పొర పట్టేస్తుంది, నీరు ఆ తరంగాన్ని మింగేస్తుంది. దానికి తోడు మన విశాఖ గాలి. బీచ్ రోడ్డు ఉప్పు, పోర్టు వైపు నల్ల దుమ్ము కలిసి మెష్‌కి జిడ్డులా అంటుకుంటాయి. ఉప్పు తేమను లాక్కుంటుంది కాబట్టి తెల్లవారుజామున వాన లేకపోయినా మెష్ చెమ్మగానే ఉంటుంది.

పోయింది క్రూజ్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఆటోమేటిక్ బ్రేక్ కూడా ఇదే రాడార్‌ని నమ్ముకుంది. సందేశం రాని ఆ సగం చూపు రోజుల్లో ముందున్న లారీని బాగానే పట్టేది, బైకుని ఆలస్యంగా పట్టేది. ఇక ఆ బ్రేక్‌ని నమ్మేదెలా?

మెష్ మొత్తం తీసేయక్కర్లేదు, కోస్తే చాలు. అయితే పలక కొలతకి సరిగ్గా కోస్తే మళ్లీ తప్పే. చూపు విసనకర్రలా పక్కలకి విచ్చుకుంటుంది. మెష్ పలకకి మూడు నాలుగు సెం.మీ. ముందుంది కాబట్టి పక్కలకి చెరో 7 సెం.మీ., పైనా కిందా 4 సెం.మీ. ఖాళీ వదలాల్సి వచ్చింది. కోసిన అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయాలి, తీగ ముక్క ఒక్కటి కూడా లోపలికి వేలాడకూడదు. అల్యూమినియానికి ఇనప స్క్రూలు వద్దు. ఇక్కడ నాలుగు నెలలకే స్క్రూ ఎర్రబారి, చుట్టూ తెల్ల పొడి రాలింది. నల్ల నైలాన్ టైలే మేలు.

కోశాక వాన గొడవ తీరింది, ఇంకోటి బయటపడింది. వంపుల్లో పక్క వరసలో బండి ఉంటే కారు తనంతట తానే బ్రేకు నొక్కేది. చూస్తే రెండు టైలు రాడార్ బ్రాకెట్‌కే కట్టి ఉన్నాయి, బిగువుకి అది కాస్త పక్కకి తిరిగింది. ఒక్క డిగ్రీ తిరిగినా 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తేడా, అంటే 3.5 మీటర్ల వరసలో సగం. టైలు తెంచినంత మాత్రాన అది మొదటి చోటుకి రాలేదు. చదును నేల మీద టార్గెట్ పెట్టి, స్కానర్‌తో మళ్లీ రాడార్ అలైన్‌మెంట్ చేయించాకే కుదిరింది. బ్రాకెట్ స్క్రూలు మీరే తిప్పి చూద్దామనుకోకండి.

ఇక ఎలుకల సంగతి. అప్పట్లో మెష్‌ని మెచ్చుకున్నది వాటి కోసమే. 22 నెలల్లో గ్రిల్ వైపు నుంచి ఒక్కటీ రాలేదు, నిజమే. కానీ రెండుసార్లు ఇంజిన్ మీద ఎలుక పెంటికలు కనిపించాయి. టైరు మీద నుంచీ కింద నుంచీ ఎక్కేదాన్ని ఈ మెష్ ఏం ఆపుతుంది? నికరంగా దక్కింది గ్రిల్ వెనకుండే ఏసీ కండెన్సర్‌కి రాళ్ల దెబ్బ తగలకపోవడం.

మెష్ లేని వాళ్లకీ ఒక మాట. సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, బంతిపూల దండ గ్రిల్‌కి అలాగే ఉంచి హైవే ఎక్కితే అదీ అడ్డే. పూజ అయ్యాక దండని పక్కకి జరపండి, నిమ్మకాయలూ మిరపకాయలూ పలక ముందు వేలాడకుండా చూడండి. డ్యాష్‌బోర్డు మీద మెరిసే విగ్రహం ప్రతిబింబం ముందు అద్దంలో పడితే ఆ అద్దం పైభాగంలో ఉన్న అడాస్ కెమెరాకి ఇబ్బంది. డ్యాష్‌క్యామ్‌ని ఆ కెమెరా చూపుకి అడ్డం రాకుండా, వైపర్ తుడిచే మేరలో పెట్టండి. దాని వైరు ముందు అద్దం పక్క స్తంభంలోని ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు.

కొనాలా? ఈ కారు గాజువాకలో ఆరుబయట, మురుగు కాలువ పక్కన నిలబడుతుంది, వారానికోసారి శ్రీకాకుళం వెళ్లొస్తుంది. అందుకే కోసిన మెష్ ఉంచేశాం. సెల్లార్ పార్కింగ్ ఉండి సిటీలోనే తిరిగేవాళ్లకి అవసరం కనపడదు. హోండా సిటీ, ఎలివేట్‌లలో అడాస్ కెమెరా మీదే నడుస్తుంది కాబట్టి వాటికి ఈ రాడార్ గొడవ లేదు. మెష్ ఉంచుకునేవాళ్లు వానలకి ముందే టైలు మార్చుకోవాలి, ఒక్క వేసవికే పెళుసెక్కి చిట్లుతున్నాయి.