పేరడీ సంచికా, కల్పిత పత్రికా?

1974లో ‘ఈనాడు’ పుట్టిన విశాఖపట్నంలో, పత్రికను హాస్యానికి వాడుకోదలచిన విద్యార్థి బృందానికి రెండు దారులున్నాయి: అసలు పత్రికను తలపించే పేరడీ సంచిక వేయడం, లేదా నాటకంలోనో లఘుచిత్రంలోనో ఒక కల్పిత పత్రికను చూపడం.

పేరడీ బలమంతా పోలికలోనే ఉంది. 1978లో న్యూయార్క్ దినపత్రికలు సమ్మె వల్ల ఆగిపోయినప్పుడు కొందరు రచయితలు ‘నాట్ ద న్యూయార్క్ టైమ్స్’ పేరుతో, ఆ పత్రిక రూపాన్నే అనుకరిస్తూ ఒక సంచికను వెలువరించారు. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్‌లో మొదలైన వ్యంగ్య పత్రిక ‘ది ఆనియన్’ మాత్రం ఏ ఒక్క పత్రికనో కాక, వార్తాభాషలోని గాంభీర్యాన్నే అనుకరించింది. నా దృష్టిలో కష్టమైనదీ, ఎక్కువ కాలం నిలిచేదీ ఇదే. ‘ఆర్‌కే బీచ్‌లో అలలకు ప్రవేశ రుసుము: అభ్యంతరాలకు నెల గడువు’ అన్న శీర్షిక నవ్వించాలంటే, దాని కింది వార్తలో ఎక్కడా నవ్వు వినిపించకూడదు. అయితే ఆ ముక్క ఒక్కటే వాట్సాప్‌లో తిరిగితే, నిజమని నమ్మేవారూ ఉంటారు.

కల్పిత పత్రికకు ఆ చిక్కు లేదు. సూపర్‌మ్యాన్ కామిక్స్‌లో 1938లో ‘డైలీ స్టార్’గా కనిపించి, 1940లో ‘డైలీ ప్లానెట్’గా మారిన పత్రికను ఎవరూ అసలుదని పొరబడరు. కానీ అక్కడ పత్రిక కథానాయకుడి ఉద్యోగానికి నేపథ్యం మాత్రమే. చదవడానికి పాఠకుడి చేతికి మిగిలేది తక్కువ.

రాయగలిగినవారున్న బృందం పేరడీనే ఎంచుకోవాలి. ‘వ్యంగ్య సంచిక’ అన్న మాటను మొదటి పేజీతో సరిపెట్టకుండా ప్రతి వార్త పక్కనా అచ్చువేయాలి.