బ్రాండు సూట్‌కేసా, మధ్యరకమా: డబ్బు ఎక్కడ పెట్టాలి?

సూట్‌కేసులో ముందుగా పాడయ్యేది చక్రం. తర్వాత లాగే పిడి, ఆపైన జిప్. పెట్టె డొల్ల పగలడం వీటితో పోలిస్తే తక్కువే. అందుకే, ఎక్కువ పెట్టిన డబ్బు ఈ మూడింటికీ చేరిందా, పైనున్న పేరుకే పోయిందా అని చూస్తాను.

మరీ చవక రకాల్లో ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్ కనిపిస్తుంది. నిగనిగలాడుతుంది కానీ గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ అయితే లోపలికి నొక్కుకుని మళ్లీ యథాస్థితికి వస్తుంది. రెండేళ్లకోసారి ఊరు కదిలేవారికి ఏబీఎస్ కూడా సరిపోతుంది.

అసలు పోటీ మధ్యరకానికీ పెద్ద పేర్లకూ. సామ్సొనైట్ సంస్థ 1993లో తక్కువ ధరల బ్రాండు అమెరికన్ టూరిస్టర్‌ను, 2016లో సుమారు 180 కోట్ల డాలర్లకు ఖరీదైన బ్రాండు టూమీని కొనుక్కుంది. అంటే మూడు ధరల పెట్టెలూ ఒకే ఇంటివి. అయినా సరుకు ఒకటే అనలేం. టూమీ నల్ల సంచుల్లోని బాలిస్టిక్ నైలాన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల రక్షణ కవచాల కోసం పుట్టిన నేత. రాపిడిని నిజంగానే ఓర్చుకుంటుంది. నెలకు నాలుగుసార్లు విమానం ఎక్కేవారికి ఆ ధర కొన్నేళ్లలో కిట్టుబాటు అవుతుంది.

రిమోవా విషయంలో మాత్రం నాకు మనసొప్పదు. 1937 నుంచి అల్యూమినియం పెట్టెలు చేస్తున్న జర్మన్ సంస్థ అది. 2016లో అందులో 80 శాతం వాటాను విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్ 64 కోట్ల యూరోలకు తీసుకుంది. పనితనంలో వంక పెట్టలేం. కానీ అల్యూమినియం క్యాబిన్ పెట్టె ఖాళీగానే 4 కిలోలు దాటుతుంది. చేతి సామానుకు 7 కిలోలే అనుమతించే విమానంలో ఇక బట్టలకు మిగిలేదెంత? పైగా సొట్ట పడితే పడినట్టే. ఆ సొట్టలనే అందంగా చూసుకునేవారున్నారు, అది వేరే సరదా.

ఎక్కువ ధర ఇవ్వడానికి నేను ఒప్పుకొనే కారణం వారంటీ. అయితే ‘జీవితకాలం’ అన్న మాట చూసి మురిసిపోకుండా కింది చిన్న అక్షరాలు చదవాలి. చాలా కంపెనీలు తయారీ లోపాన్నే ఒప్పుకుంటాయి, విమానాశ్రయంలో విరిగితే చేతులెత్తేస్తాయి. బ్రిగ్స్ అండ్ రైలీ అనే సూట్‌కేసుల కంపెనీ మాత్రం, విమానయాన సంస్థ చేసిన నష్టానికి కూడా మరమ్మతు చేసి ఇస్తుంది. నా దృష్టిలో ఖరీదుకు తగిన మాట అది. ఇక చెక్-ఇన్ చేసిన పెట్టె విరిగితే అంతర్జాతీయ ప్రయాణాల్లో 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పెట్టె చవకదైనా ఖరీదైనదైనా ఆ హక్కు ఒక్కటే.

భద్రత కోసం బ్రాండు కొంటున్నామనేవారికి ఒక మాట. నైలాన్ తీగను చుట్టలుగా తిప్పి చేసిన మామూలు జిప్‌ను బాల్‌పెన్ మొనతో విడదీయవచ్చు, లాగుడు ముక్కను అటూ ఇటూ జరిపి మళ్లీ మూసేయవచ్చు. తాళం ఎంత ఖరీదైనదైనా ఈ పని ఆగదు.

నా డబ్బయితే పాలీకార్బొనేట్ మధ్యరకానికే. కొనేముందు పిడిని పూర్తిగా పైకి లాగి ఊపి చూస్తాను. తర్వాత పెట్టెను తిరగేసి, చక్రాలను స్క్రూలతో బిగించారా, రివెట్లు కొట్టారా అని గమనిస్తాను. స్క్రూలుంటే విరిగిన చక్రాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.