ఇంటరప్ట్‌ల తుఫాను: లైన్ మూసేయడం మేలా, మనమే వెళ్లి చూడటం మేలా?

మే నెల ఎండల్లో మా తమ్ముడు మియాపూర్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఏం ఓపెన్ చేయకున్నా ఫ్యాన్ ఆగుతలేదు. బ్యాటరీ గంటన్నర కూడా వస్తలేదు" అన్నాడు. అది లినక్స్ వేసిన మెషీన్. చూస్తే ఒక కేవర్కర్ (లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ వెనకాల నడిపే పని) సీపీయూలో ఒక కోర్‌ను మొత్తం తినేస్తోంది. ఇంటరప్ట్ అంటే చేస్తున్న పని ఆపి తన సంగతి చూడమని హార్డ్‌వేర్ సీపీయూకు ఇచ్చే పిలుపు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన లెక్కలు, మీటలు ఫైళ్లుగా చూపే చోటు) ఏసీపీఐ (పవర్, హార్డ్‌వేర్ సంగతులు చూసే ప్రమాణం) ఇంటరప్ట్‌ల లెక్క తీస్తే, మిగతావి సున్నాల్లో, పదుల్లో ఉన్నాయి. జీపీఈ (ఏసీపీఐ కబుర్లు వచ్చే లైన్) 6ఎఫ్ ఒక్కటే లక్షలు దాటింది.

మూత తెరిచారు, ఛార్జర్ పెట్టారు, వేడి పెరిగింది లాంటి కబుర్లు ఫర్మ్‌వేర్ నుంచి వచ్చేది ఈ జీపీఈల మీదే. మా అపార్ట్‌మెంట్ ట్యాంక్‌కు ఓవర్‌ఫ్లో అలారం ఉంది. ఫ్లోట్ ఇరుక్కుపోతే ట్యాంక్ ఖాళీగా ఉన్నా మోగుతూనే ఉంటుంది. లెవల్ ట్రిగర్డ్ ఇంటరప్ట్ (సిగ్నల్ నిలిచి ఉన్నంతసేపూ మోగేది) కూడా అంతే. అసలు కారణం తీరకపోతే, హ్యాండ్లర్ (ఆ పిలుపుకు జవాబిచ్చే కోడ్) పని ముగించిన వెంటనే మళ్లీ మోగుతుంది.

కెర్నల్ తనే చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కు మించి ఎవరూ పట్టించుకోనివైతే అది ఆ ఐఆర్‌క్యూను (ఇంటరప్ట్ సీపీయూకు చేరే లైన్) ఆపేస్తుంది, నిజమే. కానీ ఇక్కడ ఏసీపీఐ హ్యాండ్లర్ ప్రతిదాన్నీ "నాదే" అని తీసుకుంటోంది కాబట్టి ఆ లెక్క నిండదు. ఒకవేళ నిండినా పీసీల్లో ఇవన్నీ మామూలుగా ఐఆర్‌క్యూ 9 మీదే వస్తాయి. దాన్ని ఆపితే మూత, పవర్ బటన్ అన్నీ పోతాయి. అలారం ఆపడానికి బిల్డింగ్ మెయిన్ దించినట్టు.

అందుకే ఆ ఒక్క జీపీఈని మూయాలి. ముందు సిస్‌ఎఫ్‌ఎస్‌లో డిజేబుల్ అని రాసి చూశాం. రెండు నిమిషాల్లో ఫ్యాన్ సద్దుమణిగింది. అయితే రీబూట్ చేస్తే మళ్లీ మొదటికే. శాశ్వతంగా కావాలంటే బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు అందుకునే ఆప్షన్లలో) ఏసీపీఐ మాస్క్ జీపీఈ పారామీటర్ పెట్టాలి. పెట్టాక మూత వేసి తీశాం, ఛార్జర్ పీకి పెట్టాం, నిద్రపుచ్చి లేపాం. అన్నీ పనిచేశాయి. ఈ పరీక్ష మాత్రం మానొద్దు. మీరు మూసింది ఎంబెడెడ్ కంట్రోలర్ (బ్యాటరీ, కీబోర్డ్ లాంటివి చూసే చిన్న చిప్) లైన్ అయితే బ్యాటరీ శాతం, ఫంక్షన్ కీలు మొరాయించవచ్చు.

వాడేవాళ్లకు ఇది చాలు. డ్రైవర్ రాసేవాళ్లకు చాలదు. వాళ్లకు నేను చెప్పేది పోలింగే, అంటే పిలుపు కోసం ఆగకుండా మనమే వెళ్లి చూడటం. అదీ తుఫాను ఉన్నంతసేపే. లినక్స్‌లోని ఎంబెడెడ్ కంట్రోలర్ డ్రైవర్ ఇదే చేస్తుంది. ఒక ట్రాన్సాక్షన్‌లో (ఆ చిప్‌తో ఒకసారి జరిపే ఇచ్చిపుచ్చుకోలు) తప్పుడు ఇంటరప్ట్‌లు హద్దుకు (డిఫాల్ట్‌గా 8) చేరితే ఆ జీపీఈని మాస్క్ చేసి, అంటే మూసి, ట్రాన్సాక్షన్ అయ్యేదాకా తనే వెళ్లి చిప్ స్థితి చెప్పే రిజిస్టర్ చూసుకుని, తర్వాత మళ్లీ తెరుస్తుంది. నెట్‌వర్క్ డ్రైవర్లలో నాపీ (ప్యాకెట్లు ఎక్కువైతే ఇంటరప్ట్‌లు ఆపి పోలింగ్ చేసే పద్ధతి) నడిచేదీ ఈ దారిలోనే. థ్రెడెడ్ ఇంటరప్ట్‌తో (హ్యాండ్లర్ పనిని విడి థ్రెడ్‌కు అప్పగించడం) మెషీన్ బిగుసుకుపోకుండా ఉంటుంది కానీ తుఫాను ఆగదు.

పోలింగ్‌ను అలవాటుగా మార్చేయకూడదు. 10 మిల్లీసెకన్లకోసారి లేపుతుంటే సీపీయూ గాఢనిద్రలో ఎక్కువసేపు ఉండలేదు. పవర్ మేనేజ్‌మెంట్ డ్రైవరే పవర్ తింటే ఎలా? మూసిన లైన్ తెరిచిన వెంటనే మళ్లీ తుఫాను మొదలైతే, ఈసారి తెరవడానికి ముందు ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి.

తమ్ముడి మెషీన్‌కు తర్వాత బయోస్ అప్‌డేట్ దొరికింది. అది వేసి, పారామీటర్ తీసేసి, సాయంత్రం దాకా వాడాక లెక్క చూశాం. 6ఎఫ్ దగ్గర 14 ఉంది.