తిరుపతి డెంటల్ క్లినిక్‌కు రాసిచ్చిన వెబ్‌సైట్ ప్యాకేజీ: ఒక్క పేజీ బాగుంది, నాలుగు తిరగరాయాలి

తిరుపతిలో చిన్న డెంటల్ క్లినిక్‌లకు ఏజెన్సీలు అమ్మే ప్యాకేజీలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: హోమ్, డాక్టర్ పరిచయం, చికిత్సలు, రూట్ కెనాల్‌కు విడిగా ఒక పేజీ, కాంటాక్ట్. బాలాజీ కాలనీ వైపున్న ఒక క్లినిక్‌కు రాసిచ్చిన అలాంటి ఐదు పేజీల మీద ఈ రివ్యూ. రంగులు, డిజైన్ జోలికి పోవడం లేదు, రాత వరకే.

హోమ్ పేజీ తెరవగానే "చిరునవ్వులకు చిరునామా". దాని కింద ఏ దేశం వాళ్ళో తెలియని కుటుంబం నవ్వుతూ ఉంటుంది. ఆ తర్వాత అత్యాధునిక పరికరాలు, అనుభవజ్ఞులైన వైద్యులు, సరసమైన ధరలు. ఈ మూడు ముక్కలూ రేణిగుంట రోడ్డు నుంచి ఎం.ఆర్.పల్లి దాకా ఏ క్లినిక్ బోర్డుకు తగిలించినా అతుకుతాయి కాబట్టి ఈ క్లినిక్ గురించి చెప్పిందేమీ లేనట్టే. రాత్రి దవడ పట్టుకుని ఫోన్ తీసినవాడికి మొదటి స్క్రీన్‌లోనే తెలియాల్సినవి వేరే ఉన్నాయి: ఎక్కడుంది, ఎప్పుడు తెరుస్తారు, ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తుతారా, అపాయింట్‌మెంట్ లేకుండా వస్తే చూస్తారా. ఇక్కడ వేళల కోసం ఐదో పేజీ దాకా పోవాలి. అక్కడ ఉదయం 10 నుంచి రాత్రి 8 అని ఉంది, గూగుల్ మ్యాప్స్‌లోనేమో మధ్యాహ్నం విరామం ఉంది. పేరు, చిరునామా, నంబరు, వేళలు రెండుచోట్లా అచ్చంగా ఒకేలా ఉండాలి. తేడా ఉంటే గూగుల్ సంగతి తర్వాత, ముందు పేషెంటు మూసిన షట్టర్ దాకా వచ్చి తిట్టుకుంటూ వెనక్కి పోతాడు. ఇంకో ఘనకార్యం ఏమిటంటే ఫోన్ నంబరును బొమ్మలో కలిపేశారు. నొక్కితే కాల్ పోదు, కాపీ చేద్దామన్నా రాదు.

చికిత్సల పేజీలో "100 శాతం నొప్పి లేని వైద్యం" అన్న మాట వెంటనే తీసేయాలి. చీము పట్టిన చోట ఆమ్లగుణం పెరుగుతుంది, అక్కడ మత్తు ఇంజెక్షన్ సరిగా పట్టదు. అంటే వాచిపోయి వచ్చినవాడికే ఈ హామీ బెడిసికొడుతుంది. "ముందు వాపు తగ్గించి, తర్వాత పని మొదలుపెడతాం, మధ్యలో నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తండి, ఆపుతాం" అని రాస్తే నమ్ముతారు, అది నిజం కూడా. పంటి రంగులో ఉండే గట్టి జిర్కోనియా క్యాప్‌కు "లైఫ్‌టైమ్ వారంటీ" అనడమూ ఇలాంటిదే. ఆ వారంటీ ల్యాబ్ తయారుచేసిన క్యాప్‌కే గానీ దాని కింది పన్నుకు కాదు. అంచు దగ్గర మళ్ళీ పిప్పి పడితే ఖర్చు ఎవరు భరిస్తారో అదే వాక్యంలో చెప్పాలి. పైగా డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో సవరించిన నీతి నియమావళి పేషెంట్లను ప్రకటనలతో ఆకర్షించడాన్ని తప్పుపడుతుంది. "నంబర్ వన్", "బెస్ట్" లాంటివి రాసింది ఏజెన్సీయే అయినా జవాబు చెప్పుకోవాల్సింది డాక్టరే. డాక్టర్ పరిచయంలో సన్మానాల ఫొటోలు ఆరున్నాయి, స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం లేదు.

రూట్ కెనాల్ పేజీ వేరే చెయ్యి రాసినట్టుంది. ఎక్స్‌రే, మత్తు, పన్ను చుట్టూ రబ్బరు షీటు, ఫైళ్ళనే సన్నటి గరుకు సూదులతో లోపల శుభ్రం చేయడం, చివరకు గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపడం, అన్నీ జరిగే వరుసలోనే ఉన్నాయి. "కడిగే మందు బ్లీచింగ్ పౌడర్ వాసన వేస్తుంది, కంగారు పడకండి" అన్న వాక్యం చికిత్స దగ్గరుండి చూస్తే తప్ప తట్టదు. ఆ మందు సోడియం హైపోక్లోరైట్, వాసన నిజంగా అలాగే ఉంటుంది. కింది దవడ పన్నుకు మత్తిస్తే పెదవి కొన్ని గంటలు మొద్దుబారుతుందనీ, అది వదిలేదాకా వేడి టీ వద్దనీ, పిల్లలు పెదవి కొరుక్కోకుండా చూడాలనీ రాశారు. వంక పెట్టడానికి లేదు.

ఇంత బాగా రాసి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి "సంప్రదించండి" అని చేతులు దులుపుకున్నారు. రిసెప్షన్‌లో గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. రూట్ కెనాల్ రేటు విని వచ్చినవాడికి క్యాప్ రేటు వేరే అని చివర్లో తెలుస్తుంది. అంకె చెప్పడం ఇష్టం లేకపోతే మానేయండి, ధర దేన్ని బట్టి మారుతుందో చెప్పండి: ముందు పన్నా దవడ పన్నా, వేరు లోపలి సన్నటి దారులు, అంటే కెనాల్స్, ఎన్ని, గతంలో ఒకసారి చేసిందా, క్యాప్ మెటలా, సెరామిక్ పూసిన మెటలా, జిర్కోనియానా, ఎక్స్‌రే అందులో కలిసిందా. ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం ఈహెచ్‌ఎస్ వర్తిస్తుందో లేదో కూడా ఒక ముక్క ఉండాలి. తిరుపతిలో ఉద్యోగులు ముందు అడిగేది అదే. క్యాప్ ఎందుకన్నది కూడా వదిలేశారు. లోపల తొలిచిన దవడ పన్ను నమిలే ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది. ఈ మాట రాయకపోతే నొప్పి పోయింది కదా అని తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిపేస్తారు. అది అరిగి ఊడితే సూక్ష్మజీవులు మళ్ళీ లోపలికి చేరతాయి, చేసిన పనంతా వృథా.

ఇవే పేజీల తెలుగు రూపం అయితే ఘోరం. పాత అను ఫాంటులో టైప్ చేసింది అలాగే అతికించడంతో రెండు పేరాలు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఏ ఫోన్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, పొల్లులు, వత్తులు ఒకసారి చూసుకుంటే సరిపోయేది. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషు పేజీ కొలతే ఉంచారు, అక్షరం సైజుకు 1.2 రెట్లు. తెలుగులో కింది వరుస గుడులు పై వరుస వత్తులకు తగిలిపోతున్నాయి, 1.6 పెడితే ఊపిరి ఆడుతుంది. మాటల విషయానికొస్తే "దంత క్షయం", "దంత పాషాణం" అని వెతికేవాళ్ళు ఎవరు? పిప్పి పన్ను, గార, పళ్ళు జివ్వుమనడం, ఎత్తుపళ్ళు, కట్టుడు పళ్ళు అనే వెతుకుతారు. హెడ్డింగుల్లో ఆ మాటలే ఉండాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయానికి జవాబు లేకపోవడం పెద్ద లోటు. గార పళ్ళను అంటిపెట్టుకుని ఉన్నంతకాలం కదలిక తెలియదు, తీశాక తెలుస్తుంది. చిగురు, ఎముక అప్పటికే తగ్గిపోయాయన్నది అసలు కారణం. నాలుగు వాక్యాల పని.

ఊరిని మరిచిపోయి రాశారనడానికి ఇంకో రుజువు, యాత్రికుల ఊసే లేకపోవడం. దర్శనానికి వచ్చి పన్ను నొప్పి పట్టుకున్నవాడికి తిరుగు రైలు రేపే ఉంటుంది. ఒక్క సిట్టింగ్‌లో ఏం చేయగలరు, మిగతాది సొంత ఊళ్ళో చేయించుకోవడానికి ఎక్స్‌రే, చేసిన పని వివరాలతో చీటీ ఇస్తారా అన్నది చిన్న పేజీగా ఉండాలి, తమిళంలోనూ పెట్టాలి. అందులోనే ఒక హెచ్చరిక: వాపు కంటి దాకా గానీ గొంతు కిందికి గానీ పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా క్లినిక్ కోసం ఆగకుండా రుయా లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మొత్తానికి ఐదుకు రెండు మార్కులు, ఆ రెండూ రూట్ కెనాల్ పేజీవే. ఇలాంటి ప్యాకేజీ కొనబోయే డాక్టర్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక షరతు పెట్టండి: రాసే మనిషి ఒక సాయంత్రం మీ రిసెప్షన్‌లో కూర్చుని, ఫోన్లో పేషెంట్లు అడిగే ప్రశ్నలను వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. పేర్లు, నంబర్లు రాసుకోకూడదు. పేషెంట్ల ముందు–తర్వాత ఫొటోలు వాడితే సంతకం ఉన్న అనుమతి పత్రం మీ దగ్గరే ఉండాలి, ఏజెన్సీ దగ్గర కాదు. వెబ్‌సైట్ చిరునామా, అంటే డొమైన్ కూడా మీ పేరు మీదే రిజిస్టర్ చేయించండి.