మసాయి పూసల కోసం కెన్యా వెళ్తే

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి అందరూ సింహాల కోసం వెళ్తారు. సింహాలు మాకూ కనబడ్డాయి గానీ, నా కళ్ళు మాత్రం అక్కడి మసాయి తెగ ఆడవాళ్ళ మెడల్లోని పూసల మీదే. అలాంటి ఆసక్తి ఉంటే ముందు నైరోబీ నేషనల్ మ్యూజియం చూడండి. వలసపాలన రోజుల్లో చిత్రకారిణి జాయ్ ఆడమ్సన్ గీసిన కెన్యా తెగల చిత్రాలున్నాయి. సాగిన చెవి తమ్మెలు, లోహపు చుట్లు, ఏ తెగ అలంకారం ఎలా ఉండేదో నింపాదిగా చూడొచ్చు. నైరోబీ శివారు కారెన్‌లోని కజూరి అనే కార్ఖానాలో మట్టి పూసల తయారీ ముచ్చటగా ఉంటుంది, కానీ అది 1975లో మొదలైన సంస్థ. సంప్రదాయం కోసమైతే అక్కర్లేదు.

నారోక్ ఊరి మీదుగా మసాయి మారా సెకెనాని గేటుకి చేరేసరికి నడుములు పడిపోయాయి. గేటు బయట టెంట్ క్యాంపులో దిగాం. శుభ్రంగానే ఉంది. కరెంటు మాత్రం సాయంత్రం కాసేపే, ఫోన్లు అప్పుడే చార్జింగ్ పెట్టుకోవాలి. శాకాహారులకు చపాతీ, బీన్స్, సుకుమా ఆకుకూరతో ఇబ్బంది లేదు.

మసాయి పల్లెలో మగవాళ్ళ గెంతుల నాట్యం, పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించడం టూరిస్టుల కోసం చేసేవే. అసలు సంగతి గుడిసె నీడలో కూర్చున్న ఒకావిడ దగ్గర దొరికింది. తోలుపట్టీకి వరసగా చిల్లులు పొడిచి, పూసలు గుచ్చిన తీగలను వాటిలోంచి దూర్చి బిగిస్తోంది. అంత వెడల్పు హారం వంగకుండా నిలిచేది ఆ తీగలు, పట్టీ వల్లే. ఎరుపంటే రక్తం, ధైర్యం, తెలుపు పాలు, నీలం వాననిచ్చే ఆకాశం, ఆకుపచ్చ గడ్డి. పశువులే బతుకైన జాతి కదా! పెళ్ళైనవాళ్ళు వేసుకునే పొడవాటి నీలిపూసల దండ మన నల్లపూసల్లాంటిదే.

గాజుపూసలు చెక్ దేశం నుంచి వస్తాయని తెలిసి మావాళ్ళు నీరుగారిపోయారు. గాజు రాకముందు ఎముక, గింజలు, మట్టి, ఇనుము వాడేవారట. పూస ఎక్కడిదైతేనేం, ఏ రంగు పక్కన ఏది రావాలో తేల్చేది వీళ్ళే.

పల్లెలోకి వెళ్ళడానికి ఎంత డబ్బివ్వాలో డ్రైవర్‌తో కాకుండా ఊరివాళ్ళతోనే తేల్చుకోండి, అది ఎవరి చేతికి వెళ్తుందో కూడా అడగండి. ఫొటోకి ముందు అనుమతి తప్పనిసరి. కొనేది నేరుగా గుచ్చినావిడ దగ్గరే కొనండి. నైరోబీ మసాయి మార్కెట్‌లో రకాలు ఎక్కువ, బేరమూ ఎక్కువే. చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.