కర్నూలు కోర్టు దగ్గరి డీటీపీ షాపు: టైపింగ్ బాగు, అనువాదం చూసుకోండి

నేను జూనియర్ లాయర్‌ని. లాకప్ మరణాల మీద మాట్లాడాల్సి వచ్చి, 12 పేజీల ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేయమని ఇచ్చాను. సాయంత్రానికే ఇచ్చేశారు. పేజీకి 40 రూపాయలు. అక్షరాలు పెద్దవి, తప్పులు తక్కువ.

కానీ ‘ఎక్సైటెడ్ డెలిరియం’ని ‘ఆనంద మైకం’ అని కొట్టారు! ఫోన్లో పెట్టి తిప్పినట్టున్నారు. అమెరికాలో పోలీసులు అదిమిపట్టినప్పుడు మనిషి చనిపోతే, ఉద్రేకంతో తనంతట తానే పోయాడని చెప్పడానికి వాడిన మాట అది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2021లోనే దాన్ని రోగనిర్ధారణగా ఒప్పుకునేది లేదంది. ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం 2009లో దాన్ని సమర్థిస్తూ ఇచ్చిన పత్రాన్ని 2023లో వెనక్కి తీసుకుంది. కాలిఫోర్నియా అయితే అదే ఏడాది మరణ కారణంగా రాయకూడదని చట్టమే చేసింది. అలాంటిదాన్ని ఆనందం అంటే ఎట్లా?

దిద్దుతూ టైపింగ్ అమ్మాయి అడిగింది: “సార్, ఇందులో పోయినాయన గుండె, మత్తు గురించే ఉంది. మీద కూర్చున్నోళ్ల గురించి ఏంటికి లేదు?” మా సీనియర్ కూడా ఆ ప్రశ్న అడగలేదు. నా ప్రసంగం దాంతోనే మొదలుపెట్టాను.

మన దగ్గర కస్టడీ మరణాన్ని 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలపాలనే పేరా ఒకటి ఎగిరిపోయింది. అడిగితే డబ్బులు తీసుకోకుండా మళ్లీ కొట్టిచ్చారు.

5కి మూడున్నర. మధ్యాహ్నం పోవద్దు, చానా రష్. కూర్చోడానికి ఒక్కటే స్టూలు.