అమెరికానా, జర్మనీనా: మా బత్తాయి తోట లెక్క

దసరాకు ఊరికి వచ్చినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. నల్లగొండ బస్టాండులో కలిసిన జూనియర్లు, మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసిన పిన్ని కొడుకు, అందరూ అడుగుతున్నది అదే: "అన్నా, ఎమ్మెస్‌కు అమెరికా మేలా, జర్మనీ మేలా?" నేను 2023లో జర్మనీ వెళ్లి మాగ్డెబుర్గ్‌లో చదివాను. అంతకు ముందే అమెరికా విశ్వవిద్యాలయం ఒకటి పంపిన ఐ-20, అంటే సీటు ఇచ్చామని, ఏడాదికి ఇంత ఖర్చవుతుందని చెప్పే కాగితం, కూడా చేతిలో ఉంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకదాన్ని వదులుకున్నాను కాబట్టి, నా లెక్క నేను చెబుతాను.

ర్యాంకులు, చలి, తిండి గురించి అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో అవన్నీ తరువాతి సంగతులు. చదువు అయిపోయాక ఉద్యోగం ఆలస్యమైతే ఇంటి మీద నెలకు ఎంత భారం పడుతుంది? ముందు తేలాల్సింది ఇది.

ఈ ప్రశ్న నాది కాదు, మా నాయనది. ఆ వేసవిలో తోటలో డ్రిప్ పైపుల పక్కన కూర్చుని, బాటసింగారం మార్కెట్లో బత్తాయి అమ్మిన చీటీని వెనక్కి తిప్పి ఇద్దరం లెక్క వేశాం. ఐ-20లో ఏడాదికి 31,000 డాలర్లు అని ఉంది. రెండేళ్లకు అప్పటి రేటున 50 లక్షలు దాటుతుంది. పొదుపుగా ఉన్నా, క్యాంపస్‌లో పని చేసుకున్నా 40 లక్షల అప్పు తప్పదు. 12 శాతం చొప్పున నెలకు వడ్డీయే 40,000. నాయన ఆ అంకె కింద రెండుసార్లు గీత గీశాడు. "పని దొరికేదాకా ఇది ఎవరు కడతారు బిడ్డా?" అన్నాడు.

మాకున్నది మూడెకరాల తోట, ఒక పెంకుటిల్లు. విద్యా రుణానికి వ్యవసాయ భూమిని తాకట్టుగా చాలా బ్యాంకులు తీసుకోవు, పట్నంలో ఇల్లో ప్లాటో చూపమంటాయి. అది లేనివాళ్లకు మిగిలేది ఎక్కువ వడ్డీకి ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు, లేదంటే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. వినడానికి రెండు రూపాయలే, ఏడాదికి 24 శాతం. 10 లక్షలు తెస్తే నెలకు 20,000.

చీటీలో రెండో వైపు జర్మనీ. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ వాటిలో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొద్దిపాటి రుసుము కడితే చాలు. మినహాయింపులు ఉన్నాయి: బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీయులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. అందరినీ భయపెట్టేది బ్లాక్డ్ అకౌంట్, అంటే వీసా కోసం ఏడాది బతుకు ఖర్చును ముందే జమ చేసి చూపాల్సిన ఖాతా. నేను వెళ్లినప్పుడు 11,208 యూరోలు, తరువాత 11,904 చేశారు. కానీ అది ఫీజు కాదు. మన పేరునే ఉండి, ఇప్పటి లెక్కన నెలకు 992 యూరోల చొప్పున మనకే వస్తుంది. అద్దె, బియ్యం, ఆరోగ్య బీమా అన్నీ అందులోంచే. నాకు విమానం టికెట్‌తో కలిపి 12 లక్షలు అయింది. ఏడున్నర లక్షలు బ్యాంకు తాకట్టు లేకుండా ఇచ్చింది, మిగతాది ఆ ఏటి కాపు డబ్బు. తోట జోలికి పోలేదు. 2024 నుంచి విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. రెండో ఏడు నేను అలాగే గడిపాను.

అయితే జర్మనీ చౌక అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అక్కడ డబ్బుకు బదులు భాష అడుగుతారు. తరగతులు ఇంగ్లిషులో జరిగినా, ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే "జర్మన్ ఎంత వచ్చు?" అన్నదే మొదటి ప్రశ్న. చివరి సెమిస్టర్‌లో వరుసగా వచ్చిన తిరస్కరణలు చదువుతూ, హైదరాబాద్‌లో ఉండగానే ఎందుకు మొదలుపెట్టలేదని ఏడ్చిన రాత్రులున్నాయి. జర్మన్‌లో ఎ1, ఎ2 దాటాక వచ్చే మూడో మెట్టు బి1. అది పూర్తయ్యాకే నాకు మొదటి ఇంటర్వ్యూ వచ్చింది. పరీక్షలూ తేలిక కాదు. అక్కడ 1.0 అన్నింటికన్నా మంచి గ్రేడు, 4.0 దాటితే తప్పినట్టు. సాధారణంగా ఒక పరీక్షకు మూడు అవకాశాలే, మూడోసారీ తప్పితే ఆ కోర్సే పోతుంది. ఒక సబ్జెక్టులో నాకు రెండుసార్లు 5.0 వచ్చింది. మూడోసారి పరీక్ష హాలులోకి వెళ్లేటప్పుడు కాళ్లు వణికాయి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. భాష వచ్చినవాడికి అది చాలినంత సమయం.

అమెరికాను తక్కువ చేయను. భాష బాధ లేదు, జీతాలు ఎక్కువ, ఏ ఊళ్లో దిగినా మనవాళ్లు ఉంటారు. సైన్సు, ఇంజనీరింగు కోర్సులవారికి ఓపీటీ కింద, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేసుకునే అనుమతి కింద, మొత్తం మూడేళ్లు పని చేసే వీలుంది. వెంటనే ఉద్యోగం వస్తే 40 లక్షలూ తీరిపోతాయి, మా దూరపు బంధువు ఒకాయన తీర్చాడు కూడా. కానీ ఆ తరువాత అక్కడే పని చేయాలంటే హెచ్-1బి ఉద్యోగ వీసా కావాలి, దానికి లాటరీ, ఏడాదికి 85,000 మాత్రమే. లాటరీ మీద అప్పు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటి మీద అప్పు పడనివారు, అసిస్టెంట్‌షిప్‌తో, అంటే ప్రొఫెసర్ల దగ్గర బోధనకో పరిశోధనకో సాయపడే పనితో, ఫీజు మాఫీ దొరికినవారు నిస్సంకోచంగా అమెరికా వెళ్లవచ్చు. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు వచ్చేవారికీ లెక్క మారుతుంది, కాకపోతే ఆ డబ్బు అక్కడ దిగాకే విడతలుగా వస్తుంది, మొదటి ఖర్చు ముందే చూసుకోవాలి.

బ్రిటన్‌లో ఏడాదిలో ముగుస్తుంది, ఆ ఏడాదికే ఫీజు ఎక్కువ. కెనడా 2024లో విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టింది. మా జిల్లా పిల్లలకు ఈ రెండింటినీ నేను సిఫారసు చేయను.

ఒక హెచ్చరిక. జర్మనీ అనగానే కొందరు కన్సల్టెన్సీవాళ్లు ప్రైవేటు విశ్వవిద్యాలయాల వైపు లాగుతారు, వాటిలో ఫీజు లక్షల్లో ఉంటుంది. జర్మనీ మొత్తంలో మనకు కలిసొచ్చే ఒకే ఒక్క విషయం అలా పోతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమో కాదో మీరే చూసుకోండి. జర్మనీ విద్యార్థి వీసాకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు పత్రాలు అసలువేనన్న ధ్రువీకరణ, తప్పనిసరి, దానికి 18,000 రూపాయలు. అది చేతికి రావడానికి సమయం పడుతుంది.

పిన్ని కొడుకు బీటెక్ మూడో ఏడులో ఉన్నాడు. వాడికి అమెరికా, జర్మనీ అని ఏమీ చెప్పలేదు. ఈ దసరా సెలవుల్లోనే జర్మన్ ఎ1, అంటే మొదటి మెట్టు, తరగతిలో చేరమన్నాను. ఆరు నెలలు చూసి, ఆ భాషతో కుదరదనిపిస్తే అప్పుడు ఇద్దరం కూర్చుని అమెరికా లెక్క వేస్తాం.